మొహెంజొదారోలోని యిటుక యిల్లు

1911-12 సంవత్సరమున పురావస్తు శాఖలో నుండిన దేవదత్త రామకృష్ణ భండార్కరుగారు సింధుదేశమునందలి లార్ఖానా జిల్లాలో నొక పెద్ద దిబ్బను పరీక్షింపబోయిరి. సింధునదికి పడమటి గట్టున నున్న ఆ దిబ్బను అచ్చటివారు మొహెంజొదారో యందురు. చచ్చినవారి దిబ్బ యని దాని కర్థము చెప్పుదురు. దిబ్బ నడినెత్తిని శిథిలమైన బౌద్ధస్తూప మొకటి. దాని చుట్టును కనుచూపుమేర ఇటుకలు, ఇటుక ముక్కలు. భండార్కరుగారు ఆ యిటుకలను చూచి, ఇవి యీ కాలపు టిటుకలవలె నున్నవనియు, చెక్కడపు పని గల మట్టిపలక యొక్కటియు కానరాదనియు, కాబట్టి యీ యూరు రెండువందల యేండ్ల నాటిదే యయి యుండుననియు నివేదిక వ్రాసిరి. ఆ ప్రాంతపు జనులును అట్లే చెప్పుకొనుచుండిరి.

పదేండ్లు గడచెను. 1921లో పంజాబునందలి హరప్పాలో దయారాం సాహ్నీగారును, మరుసటి యేడు మొహెంజొదారోలో రాఖాలదాసు బెనర్జీగారును త్రవ్వకములు సాగించిరి. రెండు చోట్లను ఒకే విధమైన ముద్రికలు, ఒకే విధమైన యిటుకలు బయల్పడెను. 1924 సెప్టెంబరులో శాఖాధిపతియగు సర్ జాన్ మార్షల్ ఈ సంగతిని లండను పత్రిక యొకదానిలో లోకమునకు వెల్లడించిరి. ఇప్పటి లెక్కలనుబట్టి ఆ నగరము సుమారు క్రీ. పూ. 2600 మొదలు 1900 వరకు వర్ధిల్లినది. రెండువందల యేండ్లెక్కడ, నాలుగువేల యేండ్లెక్కడ!

భండార్కరుగారు సామాన్యులు కారు. అశోక చక్రవర్తిని గూర్చి గ్రంథము రచించినవారు. కలకత్తా విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నలంకరించినవారు. అంతటివారిని మోసపుచ్చినది మరేమియు కాదు, ఆ యిటుకయే. అంచులు తీర్చినట్లుండి, ఎఱ్ఱగా కాలి, నిన్ననో మొన్ననో ఆవమునుండి తీసినట్లు కనబడు నిటుకకు నాలుగువేల యేండ్ల వయస్సున్నదని ఎవరికి తోచును? ఆ యిటుకతో కట్టిన యింటిని గూర్చియు, దాని మంచితనమే ఆ యింటికి దెచ్చిన చేటును గూర్చియు కొంత మనవి చేసెదను.

ముందు ఇటుక కొలత చెప్పవలయును. దళసరి సుమారు 2¾ అంగుళములు, వెడల్పు 5½ అంగుళములు, పొడవు 11 అంగుళములు. అనగా దళసరికి రెట్టింపు వెడల్పు, వెడల్పునకు రెట్టింపు పొడవు. ఇంతకంటె పెద్దవియు చిన్నవియు లేకపోలేదు గాని, ఒకటి, రెండు, నాలుగు అను ఈ పాళ్ళే సర్వత్ర ప్రధానముగా కనబడుచున్నవి. ఇందలి సౌకర్యము తాపీపని యెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. రెండిటుకలను అడ్డముగా ప్రక్కప్రక్కన పెట్టినచో ఒక నిలువుటిటుక పొడవునకు సరిపోవును. ఒక వరుస నిలువుగను, దానిపై వరుస అడ్డముగను పేర్చుచు పోయిన యెడల అతుకు మీద అతుకు పడదు. గోడ నిలువున చీలదు. నేటికిని మన తాపీవారు చేయుచున్న పని యిదియే. ఇటుకలను పట్టి యుంచుటకు వారు వాడినది చాలవరకు అడుసు మాత్రమే. నీటితో పనిగల కొన్నిచోట్ల జిప్సమను మెత్తని రాతిని కాల్చి చేసిన గారను వాడిరి.

మొహెంజొదారోకును హరప్పాకును నడుమ దాదాపు 400 మైళ్ళ దూరము. రైలు లేదు, తపాలా లేదు. అయినను ఇటుక పాళ్ళు మారలేదు. రాజస్థానమునందలి కాలిబంగనులో గోడలకు పచ్చియిటుకను, బావులకును మురుగుకాలువలకును కాల్చిన యిటుకను వాడిరి. అచ్చటను అవే పాళ్ళు. ఒక్క రాజు శాసించుటచే నిట్లు జరిగెనో, లేక పనివాండ్రలో తండ్రినుండి కొడుకునకు వచ్చిన యాచారమే దీనికి కారణమో చెప్పగల వ్రాత యేదియు మనకు దక్కలేదు. వారి లిపి యున్నది గాని, దానిని ఎల్లరు నొప్పుకొనునట్లుగా చదివినవా రింతవరకు లేరు.

ఇంకొక మాట. అదే కాలమున ఐగుప్తు దేశమునందును, యూఫ్రటీసు టైగ్రీసు నదుల నడుమ నున్న దేశమునందును సామాన్యుల గృహములకు ఎండబెట్టిన మట్టియిటుకయే యాధారము. కాల్చిన యిటుక ముఖ్యమైన కట్టడములకే చేరుచుండెను. మొహెంజొదారోలోనో, గృహస్థుని గోడ, పడకటింటి మెట్టు, స్నానపు గచ్చు, వీధి కాలువ, అన్నియు కాల్చిన యిటుకయే. ఒక్క యావమునకు ఎన్ని బండ్ల కట్టె పట్టునో మీరెరుగుదురు. ఒక నగరమునకంతటికి ఎంత యడవి యాహుతియై యుండునో లెక్కవేసికొనుడు.

ఇక యింటిలోనికి పోదము. త్రవ్వించిన యధికారుల పేళ్ళలోని యక్షరములనే నగరభాగములకు గుర్తులుగా పెట్టినారు. హార్‌గ్రీవ్సుగారు త్రవ్వించినది హెచ్. ఆర్. భాగము, కాశీనాథ దీక్షితుగారిది డి. కె. భాగము, మాధోస్వరూప వత్సుగారిది వి. ఎస్. భాగము. ఆ పురాతన నగరమునకు ఆ కాలమున ఏ పేరుండెనో గాని, నేడు దాని వీథులు సర్కారు గుమాస్తాల దస్తరములవలె అక్షరములతోను అంకెలతోను వ్యవహరింపబడుచున్నవి. ఈ భాగములలో బయటపడిన కలవారి యిండ్లను కలిపి చూచినచో వాని తీరు చక్కగా తెలియును.

పెద్దవీధిలో నిలుచున్న బాటసారికి ఎత్తైన ఇటుకగోడలే తప్ప ఇంటి శోభ యేమియు కనబడదు. వాకిలి సాధారణముగా ప్రక్కసందులోనికి తెరచియుండును. వీధివైపు క్రింది యంతస్తున కిటికీ లుండుట మిక్కిలి యరుదు. దుమ్మును, ఎడ్లబండ్ల చప్పుడును, పరుల చూపును లోనికి రానీయరాదని వారి తలంపు కాబోలు. వాకిట ప్రవేశింపగనే ఇరుకైన నడవ. అది దాటిన తరువాత ఆకాశము కనబడు ముంగిలి. దాని చుట్టును గదులు. వెలుతురును గాలియు ఆ ముంగిటినుండియే గదులకు ప్రసరించును. గోదావరి, కృష్ణా మండలములలో మండువా లోగిళ్ళయందు పుట్టి పెరిగిన పెద్దలకు ఈ యింటిని వర్ణించి చెప్పుట హాస్యాస్పదము. కన్నులు మూసికొని మీ తాతగారి యిల్లు తలచుకొనిన చాలును.

భేదము మాత్రము లేకపోలేదు. మన మండువాకు లోపలికి వాలిన పెంకుటి కప్పు. వానకాలమున నాలుగు వాలుల నీరును నడిమి గుంటలో పడును. సింధులో వానలు స్వల్పము. అచ్చటివి మిద్దెలు, దూలములు పరచి, రెల్లుచాపలు కప్పి, పైని మట్టి మెత్తినవి. ఆ మండువాయే యీ మండువాకు మూలమని చెప్పుటకు నేను సాహసింపను. నడుమ రెండువేల మైళ్ళు కాకపోయినను రెండువేల యేండ్లకు మించిన యెడము గలదు; ఒక్క యింటి గోడయైనను ఆ రెంటిని కలుపుచు దొరకలేదు. ఎండ మెండుగా గల దేశమున గృహస్థునకు తోచు ఉపాయము లొక్కతీరుననే యుండును.

గోడల దళసరిని బట్టియు, ఇటుకతో కట్టిన మెట్లను బట్టియు అనేక గృహములకు మేడ యుండెనని నిశ్చయింపవచ్చును. మేడమీది నీరు దిగుటకు గోడలో అమర్చిన మట్టిగొట్టములును దొరకినవి. తలుపులు, ద్వారబంధములు, దూలములు, అన్నియు కొయ్యవి గాన మట్టిలో కలిసిపోయినవి. గోడలపై బొమ్మలుగాని, స్తంభములపై చెక్కడములుగాని లేవు. ఇదియే భండార్కరుగారిని తికమక పెట్టిన సంగతి. గోడలకు మట్టిపూత పూసియుండిరనియు, కొయ్యపనిలో వారి వేడుకలు తీర్చుకొనియుందురనియు కొంద రూహించుచున్నారు. నాకు మాత్రము ఆ ఇటుకగోడ నిరాడంబరతయే ముచ్చటగా నున్నది.

ఆ యింటిలో అన్నింటికంటె శ్రద్ధతో కట్టినది దేవుని గదియు కాదు, ధనపు కొట్టును కాదు, స్నానపు గది. సాధారణముగా అది వీధివైపునకు చేరియుండును. నేలకు పరచిన యిటుకలను కోసి, రుద్ది, వ్రేలిగోరు దూరనంత దగ్గరగా కూర్చి, ఒక మూలకు వాలుగా తీర్చిరి. నీరు ఆ మూలనున్న తూము గుండ గోడ దాటి వీధి కాలువలో పడును. మరుగుదొడ్డి కొన్ని యిండ్లలో దాని ప్రక్కనే కలదు. వీధి కాలువకు రెండు వైపులను ఇటుక కట్టు, పైని ఇటుకల మూతయో రాతి పలకల మూతయో. నడుమ నడుమ గుంతలు కట్టిరి. మురుగులోని మడ్డి అందు దిగును, పైనీరు ముందునకు సాగును. ఆ గుంతలను ఎవరో ఒకరు దిగి ఎత్తి పోయవలయును గదా! గోడలు కట్టినవాని పేరు మనకు తెలియనట్లే, గుంత లెత్తినవాని పేరును తెలియదు. కాని ఆ పని యేండ్ల తరబడి తప్పక జరిగియుండనిచో ఆ యూరు ఏడువందల యేండ్లు నిలిచియుండెడిది కాదు.

బావుల సంగతి మరియు నాశ్చర్యకరము. కలిగిన యిండ్లలో సొంత బావి. లేనివారికి రెండిండ్ల నడుమనో, సందులోనో పొత్తుబావి. నగరమున మొత్తముమీద 700 బావులు ఉండియుండునని మైఖేల్ యాన్సెన్ అను జర్మను పండితుడు అంచనా కట్టెను. బావి యొరకు మామూలిటుక పనికిరాదని వారు గ్రహించి, ఒక కొస వెడల్పుగను, రెండవ కొస సన్నముగను ఉండు నిటుకను అచ్చు వేసిరి. సన్నని కొస లోనికి, వెడల్పు కొస బయటికి నుండునట్లు గుండ్రముగా పేర్చినచో, బయటి మట్టి ఎంత నొక్కినను ఇటుక లొకదానినొకటి బిగించుకొనునే గాని లోనికి జారవు. అందుచేతనే అవి నాలుగువేల యేండ్లు పడిపోక నిలిచినవి. కొన్ని బావుల యంచుమీద చేదత్రాళ్ళ రాపిడికి పడిన గాళ్ళు నేటికిని కనబడుచున్నవి. ఏ రాజముద్రికను చూచినను నాకు కలుగని సన్నిహితత్వము ఆ త్రాటి గాళ్ళను గూర్చి చదివినప్పుడు కలిగినది.

ప్రాత యిల్లు కూలినచోట దాని గోడలనే పునాదిగా గొని క్రొత్త యిల్లు లేపుట వారి పద్ధతి. తరతరమునకు నేల మట్టము పెరుగుచు వచ్చెను. ఇంటితో పాటు బావి యొరను కూడ పైకి పెంచుకొనుచు పోయిరి. పిదప త్రవ్వకములలో చుట్టునున్న మట్టినంతటిని తీసివేయగా, ఒకప్పుడు నేలలోనికి దిగిన బావులు నేడు గోపురములవలె నేలపై నిలువబడియున్నవి. ఆ గోపురము నడుగునుండి మొదటి ముత్తాతయు, కొసనుండి కడపటి మునిమనుమడును నీరు చేదుకొనిరన్నమాట.

ఎల్లరి యిండ్లును ఇట్టివే యని తలంపరాదు. రెండే గదులు గల చిన్న యిండ్లు వరుసగా కట్టినవియు ఉన్నవి. అయితే రాజనగరని నిస్సందేహముగా చెప్పదగిన భవన మొక్కటియు బయటపడలేదు. పెద్ద కోనేరు గలదు. దాదాపు 39 అడుగుల పొడవు, 23 అడుగుల వెడల్పు, 8 అడుగుల లోతు. అదియు స్నానమునకే. మన చరిత్ర గ్రంథములలో రాజుల యుద్ధములును పట్టాభిషేకములును నిండియుండును. ఆ రాజ్యమున బెస్తవాడో కుమ్మరివాడో ఎట్టి యింట నివసించెనో తెలిసికొనుటకు పుట లెన్ని త్రిప్పినను లాభముండదు. ఇచ్చట ఆ వరుస తారుమారైనది. రాజెవరో తెలియదు, గృహస్థుని స్నానపు నీరు ఏ తూమున పోయెనో తెలియును.

కడపటి కాలమున ఇంటి తీరు చెడినది. పై పొరలలోని గోడలు వంకరలు పోయినవి. ప్రాత గోడల నుండి పెరికిన యిటుకలతోనే క్రొత్త గోడలు లేపిరి. విశాలమైన ముంగిళ్ళకు అడ్డుగోడలు పెట్టి చిన్న చిన్న వాటాలు చేసిరి. పెద్ద లోగిలిని పంచుకొనునప్పుడు మండువా నడుమ గోడ లేచుట మనము చూడనిదా? కుండలు కాల్చు ఆవములు సయితము నివాసముల నడుమకును వీథులలోనికిని చొచ్చుకొనివచ్చినవి. ఆ పిదప క్రమముగా జనులు ఊరు విడిచిపోయిరి. నది వరదలా, వానలు తగ్గుటయా, దూరదేశపు వర్తకము చెడుటయా యని పండితులు వాదించుచున్నారు. బయటి సేనలు వచ్చి ఊచకోత కోసినవని 1940లలో మార్టిమర్ వీలర్ చెప్పిన కథను మాత్రము నేడు తజ్ఞులు విడిచిపెట్టినారు.

ఇప్పుడు హరప్పా సంగతి వినుడు. 1826లో చార్లెస్ మాసన్ అను నాంగ్లేయుడు ఆ దిబ్బను చూచినప్పుడు దానిపై శిథిలమైన ఇటుక కోట యింకను నిలిచియుండెను. అలెగ్జాండర్ కన్నింగుహాము 1853లోను 1856లోను దానిని చూచెను. అటుపిమ్మట లాహోరు, ముల్తాను పట్టణముల నడుమ రైలుదారి వేసిరి. ఆ మైదానమున రాయి దొరకదు. పట్టాల క్రింద పరచుటకు కంకర కావలయును. హరప్పా దిబ్బలో కావలసినంత ఇటుక, అదియు గట్టిగా కాలినది, ఉచితముగా పడియున్నది. కంట్రాక్టర్లు బండ్లు కట్టిరి. సుమారు 100 మైళ్ళ రైలుదారికి చాలినంత యిటుక అచ్చటినుండి తరలిపోయెనని కన్నింగుహామే వ్రాసెను. 1872-73లో ఆయన త్రవ్వి చూచునప్పటికి మిగిలినది స్వల్పము. దొరకిన వానిలో ఎద్దుబొమ్మయు తెలియని యక్షరములును గల చిన్న ముద్రిక యొకటి. అది ఈ దేశపుది కాదని ఆయన తలంచెను. మరి యేబది యేండ్ల వరకు దాని విలువ యెవరికిని తెలియలేదు.

పచ్చియిటుకతో కట్టియుండినచో ఆ గోడలను ఎవడును ముట్టియుండడు. మంచి యిటుక గనుకనే దోపిడి జరిగెను. మొహెంజొదారోను ఆ రైలు తాకలేదు. అందుచేతనే నేడు మన మీ యింటిని గూర్చి యింత చెప్పుకొనగలిగితిమి.

ఇది పంజాబువారి తప్పేయని మనము తృప్తిపడుటకు వీలులేదు. 1790ల చివర గుంటూరు మండలమున రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతిలో క్రొత్త పట్టణము కట్టించుచుండగా, పనివాండ్రు ఇటుకకును రాతికిని దీపాలదిన్నె యను దిబ్బను త్రవ్విరి. ఆ దిన్నె లోకప్రసిద్ధమైన అమరావతీ మహాస్తూపము. నాయుడుగారు దేవాలయములు కట్టించిన దాత. బుద్ధిపూర్వకముగా చేసిన పని కాదు. అయినను చెక్కడపు పలకలు మెట్లయినవి, కొన్ని సున్నపు బట్టీలలో కాలినవి. కల్నల్ మెకంజీ ఆ సంగతి విని వచ్చి చూచి, 1816లో మరల చిత్రకారులతో వచ్చి పటములు వ్రాయించుటచే కొంత తెలిసినది. మిగిలిన పలకలలో అనేకము లిప్పుడు చెన్నపురి మ్యూజియములోను లండను బ్రిటిషు మ్యూజియములోను ఉన్నవి. భట్టిప్రోలు స్తూపమునకును ఇదే గతి. పందొమ్మిదవ శతాబ్దిలో కృష్ణ కాలువ పనులకు అచ్చటి సామగ్రి తరలిపోయెను. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వగా అక్షరములు గల ధాతుకరండములు దొరకినవి. దక్షిణదేశపు ప్రాచీన లిపిని గూర్చి మాటలాడు వారెవ్వరును ఆ అక్షరములను తలపక తప్పదు. ఇంకొక కాలువకు మరికొన్ని బండ్ల యిటుక కావలసివచ్చినచో ఆ కరండములు సయితము తూము క్రిందికి పోయియుండెడివి.

మన యూళ్ళలో పాటిదిబ్బ లనునవి గలవు. పూర్వమెన్నడో జనులు కాపురముండి విడిచిన చోట్లవి. పాటిమన్ను చేనికి మంచి యెరువని బండ్లతో తోలుట మన కాపుల వాడుక. పలుగు దిగినచో జానెడు పొడవు మించిన పెద్ద పెద్ద యిటుకలు బయటపడును. అట్టివి చాలవరకు శాతవాహనుల నాటివి. మొహెంజొదారో యిటుకకంటె ఎంతయో పొడవైనవి. ఆనవాలు పట్టుటకు కొలబద్ద చాలును. తెలంగాణమునందలి కొండాపురము, పెద్దబంకూరు మొదలగు చోట్ల త్రవ్విన దిబ్బలలో ఇటుక కట్టడములు బయల్పడినవి. అవియు ఒకప్పు డెవని చేనిగట్టుననో పాటిదిబ్బలుగానే యుండినవి.

దోపిడి తప్పిన మొహెంజొదారో యింటికి త్రవ్వినపిమ్మట మరియొక యాపద వచ్చినది. మట్టిక్రింద ఉన్నంతకాలము ఆ గోడలకు భయము లేదు. 1932లో సింధునదికి సక్కరు వద్ద ఆనకట్ట పూర్తియయి, కాలువలు పారి, వరిసాగు హెచ్చినది. అన్నము పెట్టు నీరది, తప్పు పట్టలేము. కాని భూమిలోని నీటిమట్టము పైకి వచ్చినది. ఆ నేల చవుటి నేల. ఇటుక ఉప్పునీటిని పీల్చును. పగటి యెండకు నీరు ఇగిరిపోవును, ఉప్పు ఇటుకలో పేరుకొని గడ్డకట్టును. ఆ ఒత్తిడికి ఇటుక పొరలు పొరలుగా ఊడి పొడియై రాలును. చవుడు పట్టిన గోడ యడుగుభాగము తినివేసినట్లుండుట మనవారు ఎరిగినదే. నాలుగువేల యేండ్లు చెక్కుచెదరని యిటుక, బయటపడిన కొన్ని యేండ్లలోనే చేత నలిపిన రాలునంత యయినది.

1947 నుండి ఆ ప్రదేశము పాకిస్తానులో నున్నది. 1974లో యునెస్కో సంస్థ ఆ నగరమును కాపాడుటకు ప్రపంచమును సాయమడిగెను. 1980లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చెను. గొట్టపుబావులు వేసి నీటిమట్టమును దింప జూచిరి. నదివైపున కట్టుదిట్టములు చేసిరి. ఇప్పుడు ఎక్కువగా చేయుచున్న చికిత్స మాత్రము మన పల్లెలలో పండుగకు గోడలు మెత్తినట్టిదే: ఉప్పులేని మంచి మన్ను తెచ్చి, పలుచని అడుసు కలిపి, ప్రాత యిటుకగోడలపై పూయుదురు. ఉప్పు ఇటుకలో గడ్డకట్టుటకు మారుగా ఆ పూతలో గడ్డకట్టును. పూత రాలిపోవును, ఇటుక మిగులును. మరల పూయవలయును. 2022 ఆగస్టులో సింధు ప్రాంతమున కుండపోతగా వర్షములు కురిసినప్పుడు అనేక గోడలు దెబ్బతినగా, పనివారు అదే మన్నుతో, అదే చేతులతో వానిని సరిదిద్దిరి.

1964-65లో జార్జి డేల్సు త్రవ్విన పిమ్మట అచ్చట పెద్ద త్రవ్వకములు నిలిపివేసిరి. నగరములో అధికభాగము, ఇండ్లతోను బావులతోను స్నానపు గచ్చులతోను, ఇంకను మట్టిక్రిందనే యున్నది.